టీనేజీ పిల్లల ఒంట్లో కొవ్వు శాతం: ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

బతికున్న మనిషి ఒంట్లో కొవ్వు ఎంతుందో ఇంతవరకు ఎవరూ నేరుగా తూచలేదు. తూచడం సాధ్యం కాదు కూడా. కొవ్వును వేరు చేసి తూచాలంటే మృతదేహాన్ని రసాయనికంగా విశ్లేషించాలి. ఆ పని వైద్య చరిత్రలో చాలా కొద్దిసార్లే జరిగింది, అదీ ఎక్కువగా పెద్దవాళ్ల దేహాల మీద. ఇంట్లోని బరువు యంత్రం "22.4 శాతం" అని దశాంశంతో సహా చూపినా, జిమ్ శిక్షకుడు చర్మాన్ని మడత పట్టి "18" అన్నా, స్కాన్ కేంద్రం "25.1" అని కాగితం మీద ముద్రించి ఇచ్చినా మూడూ అంచనాలే. మూడు చోట్లా మరేదో కొలుస్తారు. ఒకచోట విద్యుత్ నిరోధం, ఒకచోట చర్మం మందం, ఇంకోచోట ఒంటిని దాటి వచ్చిన ఎక్స్‌రేల బలం. ఆ కొలతను ఒక సూత్రంలో వేస్తే కొవ్వు శాతం వస్తుంది.

పెద్దవాళ్లలో ఈ సూత్రాలు ఓ మోస్తరుగా పనిచేస్తాయి. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య పిల్లల దగ్గరకు వచ్చేసరికే తడబడతాయి. ఆ వయసులో ఎముక గట్టిపడుతూ ఉంటుంది, కండలో నీటి పాలు తగ్గుతూ ఉంటుంది. అబ్బాయిల్లో కండ వేగంగా పెరిగి కొవ్వు శాతం కిందికి దిగుతుంది, అమ్మాయిల్లో పైకి వెళుతుంది. పైగా ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పదమూడేళ్ల పిల్లలు ఎదుగుదలలో రెండు మూడేళ్ల ఎడంగా ఉండవచ్చు. సూత్రానికి ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది పుట్టిన తేదీ ఒక్కటే.

సాంద్రతతో మొదలైన లెక్క

పాలలో నీళ్లు కలిశాయేమో చూడటానికి లాక్టోమీటర్ వేస్తారు. అది చూపేది నీళ్లను కాదు, సాంద్రతను. అసలు పాల సాంద్రత ఎంత ఉండాలో ముందే తెలుసు అనుకుంటేనే ఆ రీడింగుకు అర్థం ఉంటుంది. ఆవు పాలకు పెట్టుకున్న లెక్కతో గేదె పాలను పరీక్షిస్తే తీర్పు తప్పుతుంది. ఒంట్లో కొవ్వు లెక్కకు పునాది వేసిన పద్ధతి కూడా ఇలాంటిదే. మనిషిని నీటిలో పూర్తిగా ముంచి తూచి, ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం దేహ సాంద్రతను కనుక్కుంటారు. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ, వెల్హామ్‌తో కలిసి ఇరవై అయిదు మంది ఫుట్‌బాల్ క్రీడాకారులను ఇలా పరీక్షించాడు. ఎత్తు–బరువు పట్టికల ప్రకారం వారిలో పదిహేడు మంది బరువు ఎక్కువై సైన్యానికి పనికిరానివారు. సాంద్రత చూస్తే ఆ బరువు చాలావరకు కండేనని తేలింది.

సాంద్రతను కొవ్వు శాతంగా మార్చే సూత్రాల్లో బాగా ప్రసిద్ధమైనదాన్ని 1961లో విలియం సిరి ఇచ్చాడు. ఈయన భౌతిక శాస్త్రవేత్త. పర్వతారోహకుడు కూడా, 1963 నాటి అమెరికా ఎవరెస్ట్ బృందానికి ఉపనాయకుడు. సూత్రం చాలా సులువు. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములు, మిగతా దేహమంతటి సాంద్రత 1.1 గ్రాములు అనుకుంటే, మొత్తం సాంద్రతను బట్టి రెండింటి పాళ్లు చెప్పేయవచ్చు. మొదటి అంకెతో పేచీ లేదు. కొవ్వు ఎవరి ఒంట్లో ఉన్నా దాదాపు ఒకేలా ఉంటుంది. పేచీ రెండో అంకెతోనే. 1.1 అనేది పెద్దవాళ్ల దేహం.

పదేళ్ల పిల్లవాడి కండలో నీరు ఎక్కువ, ఎముకలో ఖనిజం తక్కువ. అతని కొవ్వేతర దేహ సాంద్రత 1.085 దగ్గర ఉంటుంది. తేడా చూడటానికి చిన్నదే. కానీ మొత్తం దేహ సాంద్రత 1.05 ఉన్న పిల్లవాడిని తీసుకుని లెక్క వేయండి. పెద్దల అంకెతో వేస్తే కొవ్వు 21.4 శాతం వస్తుంది, పిల్లల అంకెతో వేస్తే 16.2 శాతం. ఒంట్లో ఒక్క గ్రాము కూడా మారలేదు, అయిదు శాతం కొవ్వు మాత్రం మాయమైంది. 1980ల్లో టిమ్ లోమన్ వంటివారు వయసును, ఆడ–మగ తేడాను బట్టి వేర్వేరు అంకెలు ఇవ్వడం మొదలుపెట్టేవరకు పిల్లల మీద జరిగిన చాలా అధ్యయనాలు ఈ పొరపాటును మోశాయి.

ఇప్పుడు నీటి తొట్టి బదులు గాలి గది వాడుతున్నారు. బాడ్ పాడ్ అనే గుడ్డు ఆకారపు గదిలో ఈత దుస్తులతో, తలకు బిగుతు టోపీతో కూర్చుంటే, గాలి పీడనంలో వచ్చే మార్పును బట్టి దేహ ఘనపరిమాణం తెలుస్తుంది. పిల్లలకు ఇది చాలా హాయి, నీటిలో ఊపిరి వదిలి మునగాల్సిన పని లేదు. అయితే సౌకర్యం పెరిగిందే కానీ లెక్క మారలేదు. చివరికి ఇక్కడా సాంద్రతే వస్తుంది, దాన్ని కొవ్వుగా మార్చేటప్పుడు పాత చిక్కే మళ్లీ ఎదురవుతుంది.

రెండో దారి నీటి నుంచి వెళుతుంది. కొవ్వులో నీరు దాదాపు ఉండదు కాబట్టి ఒంట్లో నీరెంతో తెలిస్తే కొవ్వు కాని భాగం ఎంతో చెప్పవచ్చు. డ్యుటీరియం (హైడ్రోజన్‌లోనే బరువైన రకం) కలిపిన నీటిని కొద్దిగా తాగించి, కొన్ని గంటల తర్వాత లాలాజలంలో అది ఎంత పలచబడిందో చూస్తారు. పెద్దల్లో కొవ్వేతర దేహంలో నీరు 73 శాతం. కౌమారం తొలి దశలో 75 శాతానికి అటూ ఇటూ. యాభై కిలోల బాలుడి ఒంట్లో ముప్పై కిలోల నీరు ఉందనుకుందాం. పెద్దల అంకెతో లెక్కిస్తే కొవ్వు సుమారు 18 శాతం వస్తుంది, 75తో లెక్కిస్తే సరిగ్గా 20.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పిల్లలను పెద్దలుగా భావించే ఒకే పొరపాటు సాంద్రత పద్ధతిలో కొవ్వును ఎక్కువ చేసి చూపిస్తే, నీటి పద్ధతిలో తక్కువ చేసి చూపిస్తుంది. పరిశోధకులు దీన్నే ఆసరా చేసుకున్నారు. సాంద్రత, నీరు, ఎముక ఖనిజం మూడూ విడివిడిగా కొలిచి, కొవ్వు, నీరు, ఖనిజం, మాంసకృత్తులు అని నాలుగు భాగాలుగా దేహాన్ని లెక్కిస్తే, ఊహించుకోవాల్సినవి బాగా తగ్గుతాయి. టీనేజీ పిల్లల విషయంలో మిగతా పద్ధతులను సరిచూడటానికి వాడాల్సిన గీటురాయి ఈ నాలుగు భాగాల నమూనాయే. సగం రోజు పడుతుంది, మూడు రకాల పరికరాలు కావాలి, అందుకే పరిశోధనశాల దాటి బయటకు రాదు.

డెక్సా గీటురాయి కాదు

మన నగరాల్లో డెక్సా స్కాన్‌ను తిరుగులేని ప్రమాణంగా ప్రచారం చేస్తున్నారు. నిజానికి అది మంచి పరికరమే. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలను ఒంటి గుండా పంపి, ఏది ఎంత బలహీనపడిందో చూస్తుంది. రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువ. ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి తీస్తే అంకెలు దగ్గరగానే వస్తాయి. కానీ మళ్లీ మళ్లీ ఒకే అంకె రావడం వేరు, ఆ అంకె నిజం కావడం వేరు.

రెండు శక్తులతో రెండు పదార్థాలనే విడదీయవచ్చు. ఎముక అడ్డున్న చోట ఎముకను, మెత్తటి భాగాన్ని విడదీయడంతోనే దాని శక్తి అయిపోతుంది. అక్కడి మెత్తటి భాగంలో కొవ్వెంత, కండ ఎంత అన్నది పక్కన ఎముక లేని చోటును చూసి ఊహించుకుంటుంది. పూర్తి దేహం స్కాన్ చిత్రంలోని చుక్కల్లో (పిక్సెళ్లలో) దాదాపు 40 శాతం ఎముక ఉన్నవే. ఛాతీ మీద, చేతుల్లో ఈ ఊహ పాలు మరీ ఎక్కువ.

తయారీదారును బట్టి కూడా ఫలితం మారుతుంది. హోలోజిక్ యంత్రంలో వచ్చే అంకె జీఈ లూనార్ యంత్రంలో రాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో వాడిన హోలోజిక్ నమూనా కండను దాదాపు 5 శాతం ఎక్కువ చూపుతోందని 2005లో పరిశోధకులు తేల్చారు. దాంతో సర్వే అంకెల్లో కండను ఆ మేరకు తగ్గించి, తగ్గించిన బరువును కొవ్వులో కలిపారు. నలభై కిలోల కండ ఉన్న యాభై కిలోల పిల్లవాడికి ఆ సవరణ అంటే రెండు కిలోల కొవ్వు, అంటే నాలుగు శాతం. సాఫ్ట్‌వేర్ కొత్త రకానికి మారినప్పుడూ ఇలాంటి జారుడు ఉంటుంది. పోయినేడాది ఒక కేంద్రంలో, ఈ ఏడాది మరో కేంద్రంలో స్కాన్ తీయించి "మూడు శాతం తగ్గింది" అని సంబరపడితే, తగ్గింది కొవ్వో మారింది యంత్రమో చెప్పలేం.

ఇంట్లో ఉన్న యంత్రం

ఎక్కువ మంది తల్లిదండ్రులకు ఈ కొవ్వు శాతం అన్నది పరిచయమైంది స్మార్ట్ తూకం యంత్రం వల్ల. రెండు పాదాలు పెట్టి నిలబడితే ఒక కాలి నుంచి లోపలికి స్వల్ప విద్యుత్తు వెళ్లి రెండో కాలి నుంచి బయటకు వస్తుంది. లవణాలున్న నీటి గుండా విద్యుత్తు సులువుగా పోతుంది, కొవ్వు గుండా పోదు. నిరోధాన్ని బట్టి నీరు, నీటిని బట్టి కండ, మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే కొవ్వు. ఇన్ని మెట్లు దిగి వచ్చిన అంకె అది. పైగా కాలి నుంచి కాలికి వెళ్లే విద్యుత్తు నడుము పైభాగాన్ని దాదాపు తాకదు. పొట్ట, ఛాతీ, చేతుల గురించి యంత్రం చెప్పేదంతా కాళ్లను చూసి వేసిన ఊహే.

ఆ ఊహ వెనుక ఉన్న సూత్రాన్ని కంపెనీలు బయటపెట్టవు. కానీ పరిశోధనా పత్రాల్లో బహిరంగంగా ఉన్న సూత్రాలు కొన్ని ఉన్నాయి. పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసం 1992లో హౌట్‌కూపర్ బృందం ఇచ్చినది వాటిలో పేరున్నది. సెంటీమీటర్లలో ఎత్తును వర్గం చేసి, ఓముల్లో నిరోధంతో భాగించి, 0.61తో గుణించాలి. బరువులో నాలుగో వంతు, ఆ పైన 1.31 కలపాలి. వచ్చింది కిలోల్లో కొవ్వేతర దేహం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువు, 560 ఓముల నిరోధం ఉన్న బాలుడికి ఇది 41.7 కిలోలు. అంటే కొవ్వు 8.3 కిలోలు, 16.6 శాతం.

ఈ సూత్రానికి ప్రకటించిన ప్రామాణిక దోషం 2.1 కిలోలు. పడుకోబెట్టి, చేతికీ కాలికీ ఎలక్ట్రోడ్లు అంటించి, పరిశోధనశాల పరికరంతో చేసిన కొలతలో ఉన్న దోషం అది. యాభై కిలోల పిల్లవాడికి 2.1 కిలోలంటే 4.2 శాతం. అంటే 16.6 అని చూపిన పిల్లలను నూరుమందిని పోగేస్తే, వారిలో సుమారు అరవై ఎనిమిది మంది అసలు కొవ్వు 12.4, 20.8 మధ్య ఎక్కడో ఉంటుంది. తొంభై అయిదు మందిని చేర్చుకోవాలంటే ఆ హద్దులు 8 నుంచి 25 దాకా సాగుతాయి. ఎనిమిది శాతం ఉన్న కుర్రవాడు సన్నగా నరాలు తేలి ఉంటాడు. పాతిక శాతం ఉన్నవాడిని చాలా ప్రమాణాలు కొవ్వు ఎక్కువైనవాడిగా లెక్కిస్తాయి. ఇద్దరికీ తెర మీద 16.6 కనిపించవచ్చు. ఆ ".6" అక్కడ ఉండటం నాకు మాత్రం కాస్త సిగ్గుమాలినతనంగానే తోస్తుంది.

పిల్లల విషయంలో ఇంకో తంటా ఉంది. సూత్రంలో ఎత్తు వర్గంగా ఉంది కదా. ఎదుగుదల ముమ్మరంగా ఉన్న ఏడాదిలో అబ్బాయిలు తొమ్మిది సెంటీమీటర్ల వరకు, అమ్మాయిలు ఎనిమిది వరకు పెరుగుతారు. యాప్‌లో ఎత్తు ఒకసారి నమోదు చేసి మరిచిపోయే ఇళ్లే ఎక్కువ. పై లెక్కలో పిల్లవాడు 163 సెంటీమీటర్లకు పెరిగినా యాప్‌లో 160 అనే ఉంటే, 14.5 రావాల్సిన చోట 16.6 వస్తుంది. రెండు శాతం కొవ్వు కేవలం మరుపు వల్ల పుట్టింది. మీ యంత్రాన్ని పరీక్షించాలంటే ఇదే తేలిక దారి. యాప్‌లో ఎత్తునో వయసునో మార్చి మళ్లీ ఎక్కండి. క్రీడాకారుల మోడ్ ఉంటే అదీ నొక్కి చూడండి. ఒళ్లు అదే, అంకె మారుతుంది.

ఆటలాడి చెమటతో వచ్చినప్పుడు, అప్పుడే భోజనం చేసినప్పుడు, చెంబుడు నీళ్లు తాగినప్పుడు, అమ్మాయిలకు నెలసరి దగ్గరపడినప్పుడు ఒంట్లోని నీరు, అది సర్దుకున్న తీరు మారతాయి. వాటితో పాటు అంకె కూడా. చేతి గడియారాలు చూపే కొవ్వు శాతం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే, అక్కడ విద్యుత్తు వెళ్లేది చేతుల గుండా.

వేళ్ల మధ్య మడత

పరికరాల్లో అతి చవకైనది కాలిపర్. చేయి వెనుక భాగంలో, భుజం ఎముక కింద చర్మాన్ని, దాని అడుగున ఉన్న కొవ్వుతో సహా మడత పట్టి, మందం మిల్లీమీటర్లలో కొలుస్తారు. మంచి కాలిపర్ దవడలు ఎంత తెరుచుకున్నా చదరపు మిల్లీమీటరుకు పది గ్రాముల ఒత్తిడే ఇస్తాయి. చేయి తిరిగినవారు కొలిస్తే ఈ కొలత నమ్మదగినది. చేయి తిరగనివారు ఒక సెంటీమీటరు పక్కకు పట్టినా తప్పుతుంది. బాగా లావున్న పిల్లల్లో మడతే సరిగా అందదు. భుజం కింద కొలవడమంటే చొక్కా తీయాలి. అమ్మాయిలకు అది ఇబ్బంది, బడిలో సాగదు.

మందం దగ్గర ఆగిపోతే అంతా బాగానే ఉంటుంది. శాతంగా మార్చబోతేనే చిక్కు. పిల్లల కోసం అందరూ వాడే స్లాటర్ సూత్రాలు 1988 నాటివి. చేయి మడత 12, భుజం మడత 10, మొత్తం 22 మిల్లీమీటర్లు ఉన్న అబ్బాయిని తీసుకోండి. యుక్తవయసు మొదలు కాలేదంటే 21 శాతం. మొదలైందంటే 19.4. పూర్తయిందంటే 17.3. ఏ దశలో ఉన్నాడో ఎవరు చెప్పాలి? వైద్యుడు పరీక్షించి చెప్పాలి. జిమ్‌లో చెప్పేది మీసం కట్టు చూసి. ఇవి తెల్లజాతి అబ్బాయిలకు ఇచ్చిన అంకెలు. నల్లజాతి అబ్బాయిలకు వేరే స్థిరాంకాలున్నాయి. భారతీయ పిల్లల వరస ఆ పట్టికలో లేదు.

లేకపోవడం చిన్న విషయం కాదు. మనవాళ్ల ఒంట్లో కొవ్వు చేరే తీరు వేరు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో అచ్చయింది. ఒకరు పుణె కేఈఎం ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 22.3. డెక్సాలో యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ కొవ్వు 21.2 శాతం. పుణె పల్లెల్లో, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన పసికందులను పోల్చినప్పుడు కూడా ఇదే కనిపించింది. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5. బరువు, పొట్ట చుట్టుకొలత, కండ అన్నీ తక్కువే, భుజం కింది కొవ్వు మడత మాత్రం అంతగా తగ్గలేదు. మన సన్నని పిల్లల్లో దాగి ఉండే కొవ్వును విదేశీ పిల్లల మీద తయారైన సూత్రం పట్టుకోలేదనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

ఈ ప్రశ్న మీద పని జరిగిన చోటు మన దగ్గరే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90లో నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది, కొన్నింట్లో అందలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెతికి పరీక్షించారు. అదనపు ఆహారం అందినవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. దేహంలో కొవ్వు పాలు మాత్రం రెండు జట్లలో ఇంచుమించు ఒకటే. చర్మం మడతలు ఇక్కడ పనికొచ్చాయి. ఒక్కో పిల్లవాడి శాతం ఎంతన్నది కాదు, ఈ జట్టుకూ ఆ జట్టుకూ తేడా ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న.

సగటు సరిపోతే సరిపోయినట్టేనా

కచ్చితత్వం గురించిన వాదులాటల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒక పద్ధతి నాలుగు భాగాల నమూనాతో పోలిస్తే "సగటున 0.3 శాతమే తేడా" అని కంపెనీ కరపత్రంలో ఉంటుంది. నిజమే కావచ్చు. ఒక పిల్లవాడికి ఆరు శాతం ఎక్కువ, ఇంకొకడికి ఆరు శాతం తక్కువ చూపితే సగటు తేడా సున్నా. ఇద్దరికీ మాత్రం తప్పే చెప్పింది. "0.9 సహసంబంధం" (రెండు కొలతలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) అన్నదీ ఇలాంటి మాయే. అన్ని అంకెలనూ రెట్టింపు చేసి చూపే యంత్రానికి కూడా సహసంబంధం అద్భుతంగా ఉంటుంది.

1986లో మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంకవేత్తలు దీనికి విరుగుడు ఇచ్చారు. రెండు పద్ధతుల మధ్య తేడాను ఒక్కొక్కరికీ గీసి, నూటికి తొంభై అయిదు మంది తేడాలు ఏ హద్దుల మధ్య పడుతున్నాయో చూడమన్నారు. ఏ యంత్రం గురించైనా అడగాల్సిన అంకె అదే. టీనేజీ పిల్లల్లో ఇంటి యంత్రాలకు ఆ హద్దులు అటు ఎన్నో శాతం, ఇటు ఎన్నో శాతం వెడల్పున ఉంటాయి. సన్నవారికి కొవ్వు ఎక్కువ, లావువారికి తక్కువ చూపే గుణం కూడా వీటిలో తరచూ కనిపిస్తుంది. అంటే అసలు జాగ్రత్తపడాల్సిన పిల్లల దగ్గరే యంత్రం మెత్తగా మాట్లాడుతుంది.

అంకె తప్పితే నష్టం ఏమిటంటారా? అమెరికాలో 1997 చివర్లో, కొన్ని వారాల తేడాలో, ముగ్గురు కాలేజీ మల్లయోధులు చనిపోయారు. చిన్న బరువు విభాగంలో పోటీపడటానికి వేడి గదుల్లో చెమట కార్చి నీటి బరువు తగ్గించుకోబోయి పోయారు. తర్వాత నిబంధనలు బిగిశాయి. అక్కడి హైస్కూలు కుస్తీలో ఇప్పుడు అబ్బాయిలకు కనీసం 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కొవ్వు ఉండాలి. సీజన్‌కు ముందు మూత్రపరీక్షతో ఒంట్లో నీరు సరిపడా ఉందని తేల్చాకే కొవ్వు కొలుస్తారు. దాన్ని బట్టి ఎంత బరువుకు మించి తగ్గకూడదో రాసిస్తారు. అరవై కిలోల కుర్రవాడికి 12 శాతం వచ్చిందనుకోండి, 56.8 కిలోలకు దిగవచ్చు. అసలు కొవ్వు 9 శాతమే అయితే 58.7 దగ్గరే ఆగాలి. 15 అయితే 54.8 వరకు వెళ్లవచ్చు. అటు మూడు, ఇటు మూడు శాతం దోషంతో నాలుగు కిలోల వ్యత్యాసం వచ్చేసింది. అయినా ఆ నిబంధన మంచిదేనని నా అభిప్రాయం. అక్కడ అంకెను అందంగా ఉండటానికి కాదు, ప్రాణానికి అడుగు హద్దుగా వాడుతున్నారు. అంకె నచ్చని కుర్రవాడు మళ్లీ కొలవమని అడిగే ఏర్పాటూ ఉంది.

మరి బీఎంఐ?

అందరూ తిట్టేది దీన్నే. 1830ల్లో బెల్జియం గణితవేత్త కెట్లే చూపిన నిష్పత్తి ఇది, 1972లో ఆన్సెల్ కీస్ ఈ పేరు పెట్టాడు. ఇద్దరి మనసులోనూ టీనేజీ పిల్లలు లేరు. కౌమారంలో ఏటేటా బీఎంఐ పెరుగుతుంటే, ముఖ్యంగా అబ్బాయిల్లో, ఆ పెరుగుదల చాలావరకు కండదే. అందుకే పిల్లలకు పెద్దల 25, 30 గీతలు వాడకూడదు, వయసు, ఆడ–మగ తేడాల ప్రకారం పట్టిక చూడాలి. భారత శిశువైద్యుల అకాడమీ 2015 పట్టికల్లో అయిదు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు గీసిన గీతలు పెద్దవాళ్లలో 23కు, 27కు సమానమైనవి. మన పిల్లల్లో కొవ్వు త్వరగా చేరుతుంది కాబట్టే ఆ గీతలు కిందికి దిగాయి.

దాని కచ్చితత్వం ఎంతో లెక్కకట్టారు. 2015లో ముప్పై ఏడు అధ్యయనాలను కలిపి చూస్తే, బీఎంఐ "లావు" అన్న పిల్లల్లో ఎక్కువమంది నిజంగానే కొవ్వు ఎక్కువైనవారు. కొవ్వు ఎక్కువ లేనివారిని అది నూటికి 93 సార్లు సరిగ్గా వదిలేసింది. కానీ కొవ్వు ఎక్కువైన నూరుమందిలో 27 మందిని పట్టుకోలేకపోయింది. బీఎంఐ అబద్ధాల కోరు కాదు, కాస్త చూపు తక్కువ. సన్నగా కనిపిస్తూ పొట్ట దగ్గర కొవ్వున్న పిల్లలు దానికి కనిపించరు, మన దేశంలో వాళ్లే చాలామంది. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటిందా అని టేపుతో చూస్తే వారిలో కొందరు దొరుకుతారు. బరువును ఎత్తు వర్గానికి బదులు ఎత్తు ఘనంతో భాగిస్తే టీనేజీలో కొవ్వును మరింత బాగా సూచిస్తుందని 2017లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. మన ఆస్పత్రుల్లోకి అది ఇంకా రాలేదు.

2016–18లో దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో కౌమార పిల్లల్లో 24 శాతం మంది ఉండాల్సిన దానికన్నా సన్నగా, 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని తేలింది. ఈ రెండు అంకెలూ బీఎంఐ ఇచ్చినవే. పథకాలు వేయడానికి సరిపోతాయి. ఫలానా అమ్మాయి ఏం తినాలో చెప్పడానికి సరిపోవు.

ఇంట్లో ఏం చేయాలి

నా మటుకు నేను పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను ఇంటి యంత్రం మీద కొవ్వు శాతం కోసం నిలబెట్టను. బరువు, ఎత్తు మూడు నాలుగు నెలలకోసారి రాసిపెట్టుకుంటే చాలు, నడుము కొలత కూడా ఉంటే ఇంకా మంచిది. పట్టికలో పిల్లల గీత తన దారిన తాను వెళుతోందా, ఉన్నట్టుండి పైకో కిందికో మళ్లిందా అన్నదే చూడాలి. క్రీడల కోసమో, వైద్యం కోసమో కొవ్వు కొలవడం తప్పనిసరైతే ఎప్పుడూ అదే కేంద్రం, అదే యంత్రం, ఉదయం పరగడుపున, ఆ రోజు కొలిచిన ఎత్తుతో. చర్మం మడత కొలిస్తే శాతం అడగకండి, మిల్లీమీటర్లు రాయించుకోండి. సూత్రాలు మారినా ఆ మిల్లీమీటర్లు మారవు, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తాయి. రెండు మూడు శాతం కదలికను మార్పుగా లెక్కపెట్టవద్దు.

తరగతి గదిలో అందరి ముందు కొవ్వు శాతం చదివి వినిపించడం కొన్ని ప్రైవేటు బళ్లలో ఫ్యాషన్‌గా మారింది. అమ్మాయిల్లో యుక్తవయసుతో పాటు కొవ్వు పెరగడం సహజం, అవసరం. ఒంట్లో శక్తి నిల్వ బాగా తగ్గితే నెలసరి ఆగిపోతుంది. పద్నాలుగేళ్ల అమ్మాయికి నాలుగు శాతం దోషమున్న అంకె చూపి తిండి మానిపించడం కన్నా ఆ యంత్రాన్ని అటక మీద పెట్టడం మేలు.

2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ ఊబకాయానికి కొత్త నిర్వచనం ఇస్తూ, బీఎంఐ ఒక్కదాన్నే నమ్మవద్దని, నడుము కొలతతోనో కొవ్వును నేరుగా అంచనా వేసే పద్ధతితోనో నిర్ధారించుకోమని చెప్పింది. అవయవాలు దెబ్బతింటున్నాయా లేదా అన్నది విడిగా చూడమంది. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2023 మార్గదర్శకాలు ఊబకాయమున్న పదేళ్లు దాటిన పిల్లలకు రక్తంలో కొవ్వులు, చక్కెర, కాలేయం పరీక్షలు చేయమంటాయి. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారిందా అని మన వైద్యులు చూసేదీ ఇందుకే. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు. రక్తపోటు చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ పిల్లల కొవ్వు శాతం ఎంతో తెలియాల్సిన అవసరం లేదు.